కడబంతి

పటంలో మా ఊరికి పడిన రంగు
విరిగిన పాలతో పెట్టిన టీ రంగు.
అంటే మూడో విడత.
ఎర్రటివి రేవు పట్నాలు, మొదటి విడత.
నారింజరంగు ద్రాక్షతోటల వాళ్ళది, రెండోది.
ఉప్పుసరస్సుకి ఇవతల, గోధుమ గోదాముల నీడలో
నా బస్సు టైర్లు తప్ప ఎవరూ గుర్తుపట్టని మేం
ఆఖరు.

నేను డెరిన్ హాకింగ్‌ని, బస్సు తోలేవాణ్ణి.
చదువుల సంగతి నాకేం తెలుసు?
ఇరవయ్యారేళ్ళుగా పిల్లల ముఖాల్ని
అద్దంలో కుడి ఎడమలుగా చూసినవాణ్ణి.

చట్టం మాత్రం విడతలు చూడలేదు.
పదిహేడు నిండేదాకా బడి మానకూడదన్న మాట
అడిలైడ్‌లో బయలుదేరి
ఒక్కరోజులో అన్ని ఊళ్ళకీ చేరింది.
మానకుండా కూర్చుని ఏం నేర్చుకోవాలో
అది మాత్రం టెండరు పిలవాలి, లారీ ఎక్కాలి,
దాన్ని నేర్పే మనిషి ముందు తను నేర్చుకోవాలి.

విస్తరి వేశారు. నీళ్ళు చల్లారు.
వడ్డన అటుచివర మొదలైంది.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు.
మనవాడు కాడు.
చెడ్డవాడూ కాడు.

టామ్‌సిన్ ట్రెజైజ్‌కి అప్పుడు పదహారు.
హార్వెస్టర్లు బాగుచేసే బాబాయి దగ్గర చేరుదామని
బూట్లు కూడా కొనుక్కుంది, ఇనుప ముక్కువి.
ఆ బూట్లతోనే బడిలో కూర్చుంది సంవత్సరమంతా,
"నైపుణ్య కేంద్రం" అని బోర్డున్న రేకుల షెడ్డులో.
లోపల బోర్డు తాలూకు మిగిలిన పెయింటు,
ఒక బల్ల,
కప్పులో గూడు కట్టిన పిచ్చుకలు.

అక్టోబరులో ఒకనాడు ఉత్తరపు గాలి
పొయ్యి మూత తీసినట్టు కొడుతుంటే
ఊరికి నలభై కిలోమీటర్ల దూరాన
ఫ్యాన్ బెల్టు తెగింది.
ఫోనుకి సిగ్నల్ లేదు. చెట్టన్నది లేదు.
ఆ పిల్ల నన్ను అడగలేదు.
సీటు కింద పాత బెల్టు తీసింది,
మాంసం ఫ్యాక్టరీ వాళ్ళబ్బాయి ఇస్మతుల్లా
ఆల్టర్నేటర్‌ని కడ్డీతో ఎత్తి పట్టుకున్నాడు,
చెమట కళ్ళలోకి కారుతున్నా రెప్ప వెయ్యకుండా.
ఇరవై నిమిషాలు.
చిన్నపిల్లలు లెక్కపెట్టారు, గట్టిగా.

లాగ్‌బుక్‌లో ఒక గడి ఉంటుంది:
మరమ్మతు చేసినవారు.
రెండు పేర్లూ రాశాను, స్పెల్లింగు అడిగి మరీ.
నెలకి జవాబొచ్చింది:
అర్హతపత్రం నంబరు తెలుపగలరు.
ఒక అడ్డగీత గీసి పంపాను.

ఆ తర్వాత శాఖ తరఫున ఫిలిపా డార్గన్ వచ్చింది.
కారుండీ నా బస్సే ఎక్కింది, ముందు సీటులో,
ఒళ్ళో ఆ పటం.
అడిగేశాను: ఒక్కసారే ఎందుకివ్వరు?
ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది:
"పదేళ్ళ కిందట ఒక్కసారే ఇచ్చాం.
యంత్రాలు వచ్చాయి. మనుషులు రాలేదు."
నిజమే. ఆ పెట్టెల్ని మోసింది ఈ బస్సే.
మేకులు కూడా పీకకుండా వేలం వేశారు.
నేలని బట్టి వాన చూసుకుని విత్తనం చల్లే రైతుని
తొందరపడమని ఏ నోటితో అనను?
అయినా అన్నాను:
"పదహారేళ్ళు విడతలుగా రావమ్మా."
ఆమె రాసుకుంది. ఏం రాసుకుందో తెలీదు.
కునుకు తీసింది తర్వాత,
పెన్ను వేళ్ళ మధ్యనే ఉంది.

మూడో విడత మొన్న వచ్చింది,
చెప్పిన దానికి పద్నాలుగు నెలలు ఆలస్యంగా.
లేత్ మిషన్ తెచ్చిన లారీ
షెడ్డు ముందు వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది.
తోలుకొచ్చింది టామ్‌సిన్.
బాబాయి కొట్టు ఎప్పుడో మూతపడిందట,
ఇప్పుడు సరుకు రవాణా పని.
తాళ్ళు విప్పింది, దించింది, నాతో సంతకం పెట్టించుకుంది.
ఆమె తమ్ముడు ఓబీ అప్పటికే
తల దూర్చి నట్లు లెక్కపెడుతున్నాడు.

వెళ్ళబోతూ ఆగి,
యంత్రం మీద అంటిన ప్లాస్టిక్ పొరని
గోటితో మూల ఒక్కటే లేపి
వాణ్ణి అడిగింది, మెల్లగా,
"ఇది ఎటు తిరుగుతుందిరా?"

వాడికీ తెలీదు.
సోమవారం చెబుతారట.